విరామంలో ఎదురొచ్చే మనిషి

ఆ సాయంత్రం హెడ్లీ గార్‌సైడ్ చెయ్యి ఎందుకెత్తాడు? ఇన్నేళ్ళయినా నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. మొండితనం అంటారు కొందరు. పచ్చిక మీద పిచ్చి అంటారు ఇంకొందరు. పెళ్ళాం అంటే అలుసు అని కూడా ఒకరిద్దరన్నారు గాని, వాళ్ళెప్పుడూ ఆ మొగుడూపెళ్ళాలని ఫుట్‌బాల్ ఆట విరామంలో చూసినవాళ్ళు కారు. నేను చూశాను. మా కెల్‌హోమ్ మైదానంలో టీ గది కిటికీ సరిగ్గా మూలమలుపులో ఉంటుంది. ఆ కిటికీ వెనక టీలు పోస్తూ, రద్దీ లేనప్పుడు బల్ల కింద దాచుకున్న పుస్తకం చదువుకుంటూ నా శనివారాలన్నీ గడిపాను.

మాది కొండమీది ఊరు. కింద ఏటి ఒడ్డున ఓర్మ్‌షా. బస్సెక్కి పేపరు తెరిచి మొదటి పేజీ ముగించేలోగా దిగిపోవచ్చు. అంత దగ్గర గనకే అంత వైరం. వాళ్ళు మమ్మల్ని గాలిగాళ్ళంటారు, మేము వాళ్ళని బురదకాళ్ళంటాం.

మా దేశంలో ఫుట్‌బాల్ నిచ్చెన పొడుగైనది. టీవీలో కనబడే జట్లన్నీ పై మెట్ల మీద ఉంటాయి. మా రెండు జట్లూ పడినా కాలు విరగనంత కిందిమెట్ల మీద ఎక్కుతూ దిగుతూ బతికాయి. ఏటా వేసవికి ముందు పట్టికలో పైన తేలినవాళ్ళు ఒక మెట్టెక్కుతారు, అడుగునున్నవాళ్ళు ఒక మెట్టు దిగుతారు. రెండూ ఒకే మెట్టు మీద పడిన ఏడాదే మాకు ఓర్మ్‌షాతో ఆట.

పెద్ద మైదానాల్లో రెండు జట్ల మనుషుల్నీ కంచెలు వేసి విడదీస్తారు. మా దగ్గర ఆ బాధ లేదు. మన జట్టు ఏ గోల్ మీదికి వెళుతుంటే ఆ గోల్ వెనక నిలబడతాం. సగం ఆట అయ్యాక జట్లు దిక్కులు మార్చుకుంటాయి గనక మనమూ మారాలి. విరామం ఈల పడగానే ఇటువాళ్ళు అటూ, అటువాళ్ళు ఇటూ, మైదానం చుట్టూ ఉన్న కమ్మీ పక్క ఇరుకు బాట మీద ఎదురెదురుగా నడుస్తారు. అందరికీ టీ కావాలి గనక అందరూ నా కిటికీ ముందునుంచే పోతారు. తిట్లూ ఎకసెక్కాలూ అన్నీ అక్కడే.

హెడ్లీ, మేవిస్ మొదటిసారి మాట్లాడుకున్నది అక్కడే. సన్నగా వాన పడుతోంది. హెడ్లీ అప్పుడు తివాచీల మిల్లులో అద్దకం పనివాడు, చేతిగోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఎర్రరంగు. మేవిస్ లమ్ ఓర్మ్‌షా బడి వంటగదిలో పనిచేసే పిల్ల. మెడలో తను అల్లుకున్న నీలం పసుపు మఫ్లర్. ఎదురొచ్చిన హెడ్లీని చూసి ఆగింది.

"ఏమయ్యా, మీ గోల్‌కీపర్‌కి ఇంట్లో టీ కప్పు చేతికివ్వరంట కదా, జారవిడుస్తాడని?"

"మీ ఫార్వర్డ్‌కి కాస్త చెప్పు పిల్లా, బంతి కొట్టాల్సింది రెండు స్తంభాల మధ్యకని. ఇందాక వాడు కొట్టింది మా చర్చి గంటకి తగిలింది."

అంతలో వెనకనుంచి ఎవరో తోశారు. మేవిస్ చేతిలోని వేడి మాంసం రొట్టె ఎగిరి బురదలో పడింది. మావాళ్ళు గొల్లుమన్నారు. "బురదకాళ్ళకి బురదరొట్టె!" అని ఒకడు అరిచాడు. హెడ్లీ నవ్వలేదు. తన రొట్టె సగానికి విరిచి ఇచ్చాడు.

"సగమేనా?" అంది మేవిస్. "కొండోళ్ళు పిసినారులని మా నాన్నంటే నమ్మలేదు."

"ఇప్పుడు గెలుస్తున్నది మీరేగా. గెలిచేవాళ్ళకి సగం చాల్లే."

తరవాత అదే వాళ్ళ కట్టుబాటయింది. విరామానికి ఎవరి జట్టు వెనకబడి ఉంటే వాళ్ళు నా దగ్గర రొట్టె కొని, విరిచి, ఎదురొచ్చినవాళ్ళకి సగం ఇవ్వాలి. స్కోరు సమానంగా ఉంటే ఎవరి రొట్టె వాళ్ళదే. అలాంటి రోజున ఇద్దరూ ముఖాలు వేలాడేసుకుని చెరోపక్క తింటుంటే చూడ్డానికి సరదాగా ఉండేది.

ఆటలు లేని జూన్ నెల చూసుకుని పెళ్ళి చేసుకున్నారు. "ఇంటిపేరు మార్చుకుంటాను గాని మఫ్లర్ మార్చుకోను" అని మేవిస్ చర్చి మెట్ల మీదే చెప్పింది. మా మైదానం వెనక సందులో కాపురం పెట్టారు. శనివారం పొద్దున్నే హెడ్లీ ముళ్ళపార భుజాన వేసుకుని పచ్చిక దగ్గరికి పోయేవాడు. మిల్లు మూసేశాక ఆ పచ్చికే అతని ఉద్యోగం. మధ్యాహ్నం మేవిస్ మఫ్లర్ చుట్టుకుని ఓర్మ్‌షా బస్సెక్కేది. అక్కడ గోల్ వెనక అరుగు ఆమె తండ్రి, ఆయన తోటివాళ్ళు కలిసి మిల్లు బాయిలర్ల నుంచి బొగ్గుచిట్టెం మోసుకొచ్చి పోసినది. ఆ చిట్టెం మీద నిలబడితేనే ఆమెకి ఆట చూసినట్టు. సాయంత్రం ఇద్దరూ వంటింట్లో కలుసుకునేవాళ్ళు.

"ఎంత?"

"ఒకటి, సున్నా. మీది?"

"అడక్కు."

"అయితే కూర్చో, నేనే వండుతా."

అప్పుడప్పుడు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నేను విన్న సంభాషణ ఇంతే. దానిలో ఎంత ఉందో అప్పుడు నాకు తోచలేదు.

ఆ తర్వాత మేము ఒక మెట్టెక్కాం. వాళ్ళు ఒకటి దిగారు. మళ్ళీ వాళ్ళు ఎక్కే ఏడాది మేము ఇంకొకటి ఎక్కాం. మెట్లమీద ఒకరినొకరు దాటుకుంటూ పోయే మనుషుల్లా రెండు జట్లూ ఏళ్ళ తరబడి కలవలేదు. విరామంలో హెడ్లీ ఆ మూల తిరిగేటప్పుడు బాటలో ఒక పక్కకి ఒదిగి నడిచేవాడు, ఎదురుగా ఎవరికో చోటు విడిచినట్టు. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకి మైదానంలో ఎదురుపడడం ఏం గొప్ప అని మీకనిపించవచ్చు. నేనూ అదే అడిగాను ఒకసారి, టీ అందిస్తూ.

హెడ్లీ కప్పు అందుకున్నాడు. "ఇంట్లో ఆవిడ నా పెళ్ళాం, ఆడ్రీ. ఇక్కడ ఈ మూల తిరిగొస్తుంటే ఎవరో కొత్త పిల్ల" అన్నాడు. అని, సిగ్గుపడి, పంచదార వేసుకోవడం మరిచిపోయి వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల మళ్ళీ ఎదురయ్యే ఏడాది దగ్గరపడింది. ఓర్మ్‌షా ఆ చలికాలమంతా ఓడకుండా ఆడింది. ఏప్రిల్‌కి పట్టికలో మొదటిస్థానం ఖాయమనుకున్నారు. ఇంకొక మెట్టెక్కితే మా పక్కకి వచ్చేస్తారు. కాని ఫిబ్రవరిలో ఏరు పొంగి వాళ్ళ మైదానం వెనకగోడ పడిపోయింది, దాంతోపాటు కుర్చీల మీది రేకులూ పోయాయి. పోటీలు నడిపే లీగువాళ్ళు వచ్చి చూసి ఒకటే మాట చెప్పారు. పై మెట్టుకి తగ్గ మైదానం ఇంత గడువులోగా చూపించండి, సొంతదైనా సరే, పంచుకున్నదైనా సరే. చూపించలేకపోతే ఎన్ని ఆటలు గెలిచినా ఉన్నచోటే ఉంటారు. చుట్టుపక్కల అలాంటి మైదానం మాదొక్కటే. వచ్చే ఏడాది వారం విడిచి వారం మీ మైదానంలో ఆడుకోనివ్వండని ఓర్మ్‌షావాళ్ళు అడిగారు. నిర్ణయం మా కమిటీది. కమిటీలో నేనూ ఉన్నాను, హెడ్లీ కూడా ఉన్నాడు.

ఆ రోజుల్లో మేవిస్ బస్‌స్టాపులో కనిపించింది. గాలికి ఎర్రబడ్డ ముఖం, ఎప్పుడూ లేనంత హుషారు.

"మళ్ళీ ఒకే మెట్టు మీదికొస్తున్నాం, ఆడ్రీ. మా ఆయన బయటపడడు గాని, కొత్త కోటు కొనేటప్పుడు జేబులో రొట్టె పడుతుందో లేదో చూసుకున్నాడు."

"ఓటు గురించి అడిగావా?"

"నేనడగను."

"అదేంటి? ఒక్క మాట అంటే పోయేదేముంది?"

"అడిగితే అది నా ఓటవుతుంది. నాకు కావాల్సింది ఆయన ఓటు" అంది. బస్సొచ్చింది. పై అంతస్తుకి మెట్లెక్కి, కిటికీలోంచి మఫ్లర్ ఊపింది.

కమిటీ కూర్చున్నది ఆట లేని ఒక మంగళవారం సాయంత్రం. చైర్మన్ ఆర్నాల్డ్ టార్డాఫ్ మంచివాడే గాని ఎకసెక్కం లేకుండా నోరు తెరవడు.

"మన స్నానాల గదిలో బురదకాళ్ళు కడుక్కుంటారా వాళ్ళు? తూములు పూడుకుపోతాయి బాబూ."

అందరూ నవ్వారు. ఇలాంటి కష్టం రేపు మనకీ రావచ్చునని నేనన్నాను. మనమూ ఏట్లో మునుగుతామా, మనం కొండ మీదున్నాం కదా అని ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు. అయినా చేతులు లెక్కపెడితే సగం ఇటూ సగం అటూ తేలాయి. హెడ్లీ ఒక్కడూ ఇంకా ఎత్తలేదు. అతను కిటికీలోంచి పచ్చికని చూస్తున్నాడు. వెలుతురింకా పోలేదు. ఆ పొద్దున లాగిన రోలర్ చారలు స్పష్టంగా కనబడుతున్నాయి.

"నీ మాటే మిగిలింది హెడ్లీ" అన్నాడు టార్డాఫ్. "ఇంటికెళ్తే అన్నం పుడుతుందో లేదో చూసుకుని మరీ చెప్పు."

"వారం వారం ఆడితే జనవరికల్లా గోల్ ముందు మట్టే మిగుల్తుంది" అన్నాడు హెడ్లీ. గొంతు మామూలుగానే ఉంది. "ఇద్దర్ని మోయదు ఈ గడ్డి."

"అయితే వద్దంటావా?"

చెయ్యెత్తాడు. నెమ్మదిగా ఎత్తాడు, బడిలో జవాబు తెలియని పిల్లవాడు ఎత్తినట్టు. టార్డాఫ్ వచ్చి వీపు మీద చరిచాడు. ఇంకెవరో అతని కోసం బీరు గ్లాసు తెచ్చారు. హెడ్లీ దాన్ని పట్టుకుని నిలబడ్డాడు గాని తాగలేదు.

బయటికొచ్చేటప్పుడు మెట్ల మీద నాతో అన్నాడు. "వచ్చే ఏడు వస్తారులే, ఆడ్రీ. గోడ కట్టుకుని, సొంత మైదానంతో వస్తారు. అదే మర్యాద."

నా జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఓర్మ్‌షా ఆ ఏడు పట్టికలో మొదటిస్థానంలో నిలిచింది. కప్పు ఇచ్చారు. పైమెట్టుకి మాత్రం వాళ్ళ వెనకున్న జట్టు వెళ్ళింది. పైకి పోని జట్టులో మంచి ఆటగాడు ఎందుకుంటాడు? వేసవి ముగిసేలోగా ముగ్గురు తప్ప అందరూ వేరే ఊళ్ళకి వెళ్ళిపోయారు. మరుసటి ఏడు వాళ్ళు దిగిపోయారు. అదే ఏడు మేమూ దిగాం. మేము వచ్చి దిగిన మెట్టు మీంచే వాళ్ళు అప్పుడు కిందికి జారిపోయారు. ఆ ఏప్రిల్‌లో పట్టిక చూసి హెడ్లీ పేపరు మడిచి బల్ల మీద పెట్టి, దాన్నే చాలాసేపు అరచేత్తో సాపుచేస్తూ కూర్చున్నాడు. ఇంకో రెండు చలికాలాలకి ఓర్మ్‌షా జట్టు లేకుండా పోయింది. ఏటి ఒడ్డున మైదానం ఉన్నచోట ఇప్పుడు టైల్సు, పైపులు అమ్మే గోదాం ఉంది.

మేవిస్ ఆ ఇంట్లోనే ఉంది. వంట చేసింది, బట్టలు ఉతికింది, హెడ్లీ దగ్గుతుంటే మందు కలిపిచ్చింది. గొడవపడిందని ఎవరూ వినలేదు. శనివారాలు మాత్రం కర్టెన్లు ఉతకడం మొదలుపెట్టింది. శుభ్రంగా ఉన్న కర్టెన్లే మళ్ళీ ఉతికేది. ఒకసారి కూరగాయల దుకాణంలో వరసలో నా ముందు నిలబడి, వెనక్కి తిరగకుండానే అంది.

"మా ఇంటినుంచి మీ మైదానానికి ఒక్క సందే కదా ఆడ్రీ. మావాళ్ళు మీ దగ్గర ఆడి ఉంటే, వారం విడిచి వారం నేను ఆయన పచ్చిక పక్కనే నిలబడేదాన్ని. ఒకే మెట్టు మాట అటుంచు. ఈ సంగతి ఆయనకి తట్టనేలేదు, చూశావా?"

"చెప్పావా మరి?"

"చెప్తే ఏమొస్తుంది? గడ్డి బావుందిగా" అంది. ఉల్లిపాయలు ఏరుకుంది.

తట్టకపోవడం కాదేమో, తర్వాతెప్పుడో తట్టిందేమో. గోదాం కట్టడానికి ముందు, యంత్రాలు దిగకముందే, హెడ్లీ ఒక ఆదివారం చక్రాల బండి తోసుకుని కొండ దిగి వెళ్ళాడు. ఓర్మ్‌షా గోల్ ముందునుంచి తలుపంత గడ్డిపెళ్ళ కోసి, తడిగోనెలో చుట్టి, మళ్ళీ ఆ కొండంతా తోసుకొచ్చాడు. మా మైదానం మూలలో, నా కిటికీకెదురుగా, బాట పక్కన నాటాడు. ఏటి ఒడ్డు గడ్డి ముతకగా, నల్లగా ఉంటుంది. మా లేత పచ్చికలో అతుకు వేసినట్టు కనబడేది.

"అదేంటయ్యా ఆ మచ్చ?" అన్నాడు టార్డాఫ్. "ఆవు పేడేసిందా?"

"పట్టుకుంటుందేమో చూద్దామని."

"ఎక్కడిది?"

"కిందిది" అన్నాడు హెడ్లీ. టార్డాఫ్‌కి కూడా ఎకసెక్కం తోచని సందర్భం నేను చూసింది అదొక్కటే.

మాటలు రానివాడు క్షమాపణ ఇలా చెప్పుకున్నాడనుకున్నాను. కాని చూడాల్సిన మనిషి మా మైదానంలో అడుగుపెట్టదు. నేనే ఒకరోజు మేవిస్‌కి చెప్పాను, వచ్చి ఒకసారి చూడమని.

"చూశాను. బస్సు పై అంతస్తులో ఎడంపక్క కూర్చుంటే గోడ మీంచి కనబడుతుంది. బాగానే పట్టుకుంది."

"హెడ్లీకి తెలుసా నువ్వు చూశావని?"

"ఆయన అడగలేదు" అంది మేవిస్. ఆమె గొంతులో కోపం ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఆ చలికాలం చివర్లో మేవిస్‌కి ఊపిరితిత్తుల జబ్బు వచ్చి, వసంతంలో డాఫొడిల్ పూలు విచ్చేలోగా పోయింది. చర్చిలో ఆమె శవపెట్టె మీద నీలం పసుపు మఫ్లర్ ఉంచారు. అది ఆమెతో పాటే మట్టిలోకి పోయిందనుకున్నాం అందరం.

హెడ్లీ మళ్ళీ పనిలోకొచ్చాడు. తడి రోజుల్లో పచ్చిక మీద ఎవర్నీ అడుగుపెట్టనివ్వని మనిషి, ఇప్పుడు ఎవరు తొక్కినా చూస్తూ ఊరుకునేవాడు. మూలనున్న ఆ ముతక గడ్డిని మాత్రం చేత్తోనే కత్తిరించేవాడు. విరామంలో అలవాటు ప్రకారం ఈ గోల్ నుంచి ఆ గోల్‌కి నడిచేవాడు, బాటలో ఒక పక్కకి ఒదిగి. నా దగ్గర టీ తీసుకునేవాడు. రొట్టె ఎప్పుడూ కొనలేదు. వెళ్ళేటప్పుడు "వస్తా, ఆడ్రీ" అనడం ఏనాడూ మానలేదు.

చాలా ఏళ్ళకి ఓర్మ్‌షా కుర్రాళ్ళు కొందరు కలిసి పాత పేరుతోనే కొత్త జట్టు పెట్టారు. నిచ్చెన కాళ్ళు నేలకి ఆనేచోట, అందరికంటే కిందిమెట్టు. శనివారాలు ఆడేది ఊరి పార్కులో, చుట్టూ తాడు కట్టుకుని. పేపర్లో ఎక్కడో అడుగున నాలుగు ముక్కలు వేశారు. హెడ్లీ ఆ పేజీ చదువుతుండగా చూశాను. పేపరు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత వచ్చిన రెండో శనివారమో మూడో శనివారమో మా మైదానంలో ఆట. విరామానికి మేము ఒక గోల్ వెనకబడి ఉన్నాం. జనం దిక్కులు మారుతున్నారు. హెడ్లీ ఆ మూల తిరిగి వచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. నేను అలవాటుగా కప్పు అందుకున్నాను.

"టీ వద్దు ఆడ్రీ. ఒక మాంసం రొట్టె ఇవ్వు."

నేను అతని ముఖం చూశాను. "ఏంటివ్వాళ?" అన్నాను.

"మనం వెనకబడి ఉన్నాం కదా" అన్నాడు.

రొట్టె తీసుకుని, కిటికీ అరుగు మీదే, చేతులు కాలుతున్నా పట్టించుకోకుండా సగానికి విరిచాడు. ఒక సగం నాలుగు కొరుకుల్లో తినేశాడు. రెండో సగం కాగితంలో చుట్టి కోటు జేబులో పెట్టుకోబోతే పట్టలేదు. జేబులోంచి ఏదో తీసి, రొట్టెని ఆ చోట దోపి, తీసినదాన్ని మెడకి చుట్టుకున్నాడు. నీలం, పసుపు. మట్టిలోకి పోయిందనుకున్న మఫ్లర్. మా మైదానంలో ఆ రంగులు చుట్టుకున్న మనిషిని చూసి బాటలో ఒకరిద్దరు నోళ్ళు తెరిచారు.

నా కిటికీ దాటగానే బాట రెండుగా చీలుతుంది. కుడికి తిరిగితే మా గోల్. నేరుగా వెళితే బయటికి గేటు, గేటెదురుగా ఓర్మ్‌షా బస్సు ఆగేచోటు. హెడ్లీ మూలనున్న నల్లగడ్డి పక్కన ఒక్క క్షణం నిలబడ్డాడు. మైదానంలోకి జట్లు తిరిగొస్తున్నాయి. అందరి తలలూ అటు తిరిగాయి. అతను బాటలో ఒక పక్కకి ఒదిగి, నేరుగా నడిచి, గేటు దాటాడు. నేను కిటికీలోంచి సగం బయటికి వంగి చూస్తూనే ఉన్నాను, "వస్తా" అంటాడేమోనని.